మిన్నేరియ చెరువు కట్టించిన రాజు

మన హాస్టల్లో ఏనుగు అనగానే చిన్నపిల్లలు భయపడతారు. నాకూ భయమే. ఒడిశా కొండల మీంచి మా వైపు ఏనుగులు దిగిన ఏడాది మా చేలో అరటిచెట్లన్నీ తొక్కేసి పోయాయి. మా అయ్య, మావయ్య రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు వాయించారు. అలాంటిది శ్రీలంకలో ఒక చెరువు దగ్గర ఏటా 300 ఏనుగుల దాకా ఒక్కచోట చేరతాయనీ, వాటిని చూడ్డానికి జనం డబ్బులిచ్చి మరీ వస్తారనీ సోషల్ టీచర్ గారు చెబితే నేను నమ్మలేదు. తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఆ చెరువు కట్టించిన రాజు కథే ఇది.

ఆ రాజు పేరు మహాసేనుడు. క్రీ.శ. 3వ శతాబ్దం చివర అనురాధపురం రాజధానిగా 27 ఏళ్లు పాలించాడు. తండ్రి గోఠాభయుడు. అన్న జేట్ఠతిస్సుడు. ఇద్దరికీ చదువు చెప్పడానికి తండ్రి సంఘమిత్రుడనే భిక్షువుని పెట్టాడు. ఆయన చోళదేశం నుంచి వచ్చినవాడు. (అశోకుని కూతురు సంఘమిత్ర వేరు. నేను మొదట ఇద్దరూ ఒకరే అనుకున్నాను.) అన్నకి ఈ గురువంటే పడదు. అన్న రాజు కాగానే గురువు సముద్రం దాటి పారిపోయాడు. అన్న పోయి మహాసేనుడు రాజవగానే మళ్లీ వచ్చేశాడు.

గురువు మాట విని రాజు చాలా చెడ్డపని చేశాడు. మహావిహారం అనే పెద్ద మఠంలో ఉండే భిక్షువులకు ఎవరూ అన్నం పెట్టకూడదని, పెడితే జరిమానా అని ఆజ్ఞ వేశాడు. భిక్షువులు వండుకోరు కదా, ఊరివాళ్లు పెట్టిందే తింటారు. ఆకలికి తాళలేక వాళ్లు కొండలకి, దక్షిణానికి వెళ్లిపోయారు. 9 ఏళ్లు మఠం ఖాళీగా ఉంది. ఏడంతస్తుల మేడని కూలగొట్టి ఆ సామానంతా వేరే విహారానికి పట్టుకుపోయారు. ఇది చదివి నాకు ఆ రాజు మీద కోపం వచ్చింది. అన్నం ఆపేస్తే ఎలా ఉంటుందో హాస్టలు పిల్లలకి చెప్పక్కర్లేదు.

రాజుకి మేఘవర్ణాభయుడని ఒక మంత్రి, మంచి స్నేహితుడు. ఆయన ఈ అన్యాయం చూడలేక సైన్యం కట్టుకుని రాజు మీదికే వచ్చాడు. తెల్లారితే యుద్ధం. ఆ రాత్రి ఆయనకి ఎవరో మంచి రుచిగల వంటకాలు తెచ్చిచ్చారు. స్నేహితుణ్ణి వదిలేసి ఒక్కడూ ఎలా తినాలి అనుకుని, అవి పట్టుకుని ఒంటరిగా శత్రువు డేరాకి వెళ్లిపోయాడు! ఇద్దరూ కలిసి తిన్నారు. తిన్నాక రాజు ఎందుకు తిరగబడ్డావని అడిగాడు. మఠాన్ని పాడుచేసినందుకని ఈయన చెప్పాడు. రాజు తప్పు ఒప్పుకుని మఠం మళ్లీ కట్టిస్తానన్నాడు. యుద్ధం జరగలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక చెరువులు. రాజు 16 చెరువులు కట్టించాడని మహావంశంలో ఉంది. ఆ పుస్తకం రాసింది మహావిహారం భిక్షువులే. అంటే ఆయన అన్నం మాన్పించిన మఠంవాళ్లే. అయినా ఆయన మంచిపనులు దాచకుండా రాశారు. అన్నిట్లో పెద్దది మిన్నేరియ. కట్ట సుమారు 2 కిలోమీటర్లు. అంబన్ గంగ నీళ్లని కాలవ తవ్వి అంతదూరం తెచ్చారు. అక్కడ కొన్ని నెలలే వాన, మిగతా కాలం ఎండ. వరి పండాలంటే చెరువు ఉండాల్సిందే. ఆయన చనిపోయాక జనం మిన్నేరి దేవుడని పేరు పెట్టి కట్ట దగ్గర గుడి కట్టి మొక్కుకుంటున్నారు.

ఇంకొక సంగతి. మన కళింగ రాజు గుహశివుడు బుద్ధుని దంతాన్ని స్నేహితుడైన మహాసేనుడికి పంపించాడట. కూతురు హేమమాల దాన్ని జడలో దాచుకుని పోయిందట. తీరా చేరేసరికి మహాసేనుడు చనిపోయి కొడుకు పాలిస్తున్నాడు. దంతం ఉన్న ఊరు దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోదే అని కొందరంటారు.

రాజు చెరువు కట్టింది వరికోసం, ఏనుగుల కోసం కాదు. కాని ఎండాకాలంలో నీళ్లు వరికి పోయి చెరువు తగ్గితే, అడుగున తేమకి లేతగడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవులు ఎండిపోయి ఉంటాయి. అందుకని జూలై నుంచి అక్టోబరు దాకా ఏనుగులు గుంపులు గుంపులుగా గున్నలతో సహా అక్కడికి వస్తాయి. ఆసియా ఏనుగులు ఇంత ఎక్కువగా చేరే చోటు ఇంకోటి లేదంటారు. 1997లో దాన్ని జాతీయవనం చేశారు. జీపులు ఎక్కువై ఏనుగులకి దారి ఇవ్వడం లేదట. పైన మొరగహకంద అనే జలాశయం కట్టాక కొన్ని ఏళ్లు ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉండి, గడ్డి మునిగిపోయి ఏనుగులు తగ్గాయి కూడా.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా మా అయ్యకి చెప్పాను. మా అయ్య చదువుకోలేదు. అంతా విని, మరి ఆ చుట్టుపక్కల రైతులు రాత్రి నిద్రపోతారా అని అడిగాడు. పోరని చెప్పాను. అక్కడ కూడా ఏటా మనుషులూ చనిపోతున్నారు, ఏనుగులూ చనిపోతున్నాయి. అయ్య ఏమీ అనలేదు. డబ్బా తీసుకుని మంచె దగ్గరికి పోయాడు.