సీకే నాయుడు: ఒక్క టెస్టు కూడా గెలవని ఈ తెలుగు కెప్టెన్‌ని ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

పట్టిసీమ: వేసవిలో గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు తేలితే చాలు.. పట్టిసీమ నుంచి కింద రాజమండ్రి దాకా ఒడ్డున పిల్లలు వికెట్లు పాతేస్తారు. కెప్టెన్ ఎవరన్న గొడవ అక్కడ ఎక్కువసేపు సాగదు. బ్యాట్ ఎవరిదైతే వాడే కెప్టెన్! వాడిని అవుట్ అంటే బ్యాట్ పట్టుకుని ఇంటికి వెళ్లిపోతాడు.

నవ్వుకునే విషయమే గానీ, 1930లలో భారత క్రికెట్ జట్టు కూడా ఇంచుమించు ఇలాగే నడిచింది. ఖర్చు పెట్టేది రాజులు, కాబట్టి కెప్టెన్సీ కూడా వాళ్లదే. అలాంటి రోజుల్లో ఏ సింహాసనమూ లేని ఓ తెలుగువాడు దేశానికి తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. ఆయనే కల్నల్ సీకే నాయుడు.

ఇక్కడే ఓ చిక్కు ఉంది. నాయుడు 4 టెస్టులకి కెప్టెన్సీ చేశారు. మూడు ఓడిపోయారు, ఒకటి డ్రా. ఒక్కటీ గెలవలేదు. మరి గొప్ప కెప్టెన్ అని ఎందుకంటారు? దానికి జవాబు స్కోరు బోర్డులో కాదు, ఆయన జీవితంలో దొరుకుతుంది.

నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు బిడ్డ

పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగ్‌పూర్‌లో పుట్టారు. మచిలీపట్నం వైపు మూలాలున్న తెలుగు కుటుంబం. కలిగిన ఇల్లే, చదువుకున్న ఇల్లే. కానీ రాజవంశం కాదు.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. అప్పటికే వికెట్లు టపటపా పడిపోయి జట్టు కష్టాల్లో ఉంది. కొత్త కుర్రాడు మొదటి మూడు బంతులు అడ్డుకుని, నాలుగోదాన్ని సిక్స్ కొట్టారని క్రికెట్ పుస్తకాల్లో ఉంది.

1923లో ఇండోర్‌ని పాలించే హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించుకుని తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. పేరు ముందు కల్నల్ అన్న మాట అలా వచ్చిందే.

రెండు గంటల్లోపే 153!

1926 డిసెంబర్ 1. బొంబాయి జింఖానా మైదానం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎంసీసీ జట్టు మన దేశానికి వచ్చింది. ఆ బౌలర్ల మీద నాయుడు రెండు గంటలు కూడా పట్టకుండా 153 కొట్టారు. అందులో 11 సిక్సర్లు! ఇది టీ20 లెక్క కాదండీ, దాదాపు 100 ఏళ్ల కిందటి మాట. ఆ ఇన్నింగ్స్‌కి గుర్తుగా ఎంసీసీ వాళ్లు ఆయనకి వెండి బ్యాట్ ఇచ్చారు.

అసలు సంగతి బ్యాట్ కాదు. మనవాళ్లు టెస్టు స్థాయిలో ఆడగలరన్న నమ్మకం ఇంగ్లండ్‌లో కలగడానికి ఆ రోజు ఆట ఓ పెద్ద కారణం. రెండేళ్లకే, 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో తొలి టెస్టు దక్కింది.

రాజులు తప్పుకుంటే..

1932 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు ఘన్‌శ్యామ్‌సిన్హ్‌జీ. నాయుడు మామూలు ఆటగాడు. అయితే పోర్‌బందర్ మహారాజు బ్యాట్ నుంచి పరుగులు రాలేదు. తన ఆట సంగతి తనకి తెలుసు కాబట్టి గౌరవంగా పక్కకి తప్పుకున్నారు. లింబ్డీకి గాయమైంది. అలా లార్డ్స్‌లో కెప్టెన్సీ నాయుడికి వచ్చింది.

అది కూడా సాఫీగా రాలేదు. రాజు కాని మనిషి కింద ఆడబోమని టెస్టు ముందు రాత్రి కొందరు ఆటగాళ్లు పేచీ పెట్టారని, పటియాలా మహారాజు నుంచి గట్టి మాట రావడంతో దిగొచ్చారని చెబుతారు. అంటే సొంత జట్టులోనే సగం మనసుతో ఉన్నవాళ్లని వెంటపెట్టుకుని, 36 ఏళ్ల నాయుడు దేశం తరఫున మొదటిసారి మైదానంలోకి దిగారు. అవతలి కెప్టెన్ డగ్లస్ జార్డిన్. కొన్ని నెలల తర్వాత ఆస్ట్రేలియాలో బాడీలైన్ బౌలింగ్‌తో దుమారం రేపిన ఆ జార్డినే!

జూన్ 25న ఆట మొదలైంది. మహ్మద్ నిస్సార్ దెబ్బకి ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. ఫీల్డింగ్‌లో నాయుడి చేతికి దెబ్బ తగిలింది. అయినా బ్యాటింగ్‌కి దిగి 40 చేశారు. మన తొలి ఇన్నింగ్స్‌లో అదే టాప్ స్కోర్. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కానీ పేచీ పెట్టినవాళ్లకి జవాబు మాటలతో కాకుండా దెబ్బ తగిలిన చేత్తోనే వచ్చింది.

ఆ టూర్‌లో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఓ సిక్స్ రే నది దాటి పక్క కౌంటీలో పడిందని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు. 1933లో విజ్డెన్ ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

పక్కవాడి సెంచరీకి కాపలా

1933 డిసెంబర్‌లో బొంబాయి జింఖానాలో మన గడ్డ మీద తొలి టెస్టు. రెండో ఇన్నింగ్స్‌లో 21 పరుగులకే 2 వికెట్లు పోయాయి. క్రీజులో 22 ఏళ్ల లాలా అమర్‌నాథ్, అతనికి అదే మొదటి టెస్టు. కెప్టెన్ వచ్చి ఇంకో ఎండ్‌లో నిలబడ్డారు. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ 118 కొట్టి భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ చేశారు. నాయుడు 67. సిక్సర్లకి పేరు పడ్డ మనిషి కుర్రాడు కొడుతుంటే తాను కాచుకున్నారు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం. చరిత్రలో మిగిలింది మాత్రం ఆ సెంచరీనే.

విజ్జీ వచ్చాడు.. కెప్టెన్సీ పోయింది

1936 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్‌గా విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, అంటే విజ్జీ ఎంపికయ్యారు. ఈయనా తెలుగువాడే! క్రికెట్ మీద ప్రేమ ఉంది, డబ్బు ఖర్చు పెట్టారు, జాక్ హాబ్స్ లాంటి దిగ్గజాన్ని మన దేశానికి రప్పించారు. కానీ ఆ మూడు టెస్టుల్లో కెప్టెన్ చేసినవి మొత్తం 33 పరుగులు.

జట్టు రెండు ముక్కలైంది. అమర్‌నాథ్‌ని తొలి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. నాయుడిని టిఫిన్ టేబుల్ దగ్గర అవమానించినందుకే ఓ ఆటగాడికి టెస్టు చాన్స్ దొరికిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

నాయుడు అప్పుడేం చేశారు? తనకంటే పదేళ్లు చిన్నవాడైన, తనకంటే ఎంతో తక్కువ ఆటగాడైన కెప్టెన్ కింద మూడు టెస్టులూ ఆడారు. ఓవల్‌లో చివరి టెస్టు. గబ్బీ ఆలెన్ బంతి ఛాతీకి బలంగా తగిలింది. తట్టుకుని నిలబడి 81 చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే ఆఖరి టెస్టు. పదవి లేకపోయినా బాధ్యత తీసుకున్నారు. బ్యాట్ పట్టుకుని ఇంటికి వెళ్లిపోలేదు.

హోల్కర్‌తో అసలు సత్తా

నాయుడి కెప్టెన్సీ ఏంటో తెలియాలంటే రంజీ ట్రోఫీ చూడాలి. ఇండోర్ కేంద్రంగా ఉన్న హోల్కర్ జట్టుని నడిపించిన తొమ్మిదేళ్లలో 8 సార్లు ఫైనల్ చేర్చి, 4 సార్లు కప్పు గెలిపించారు. 13 ఏళ్ల వయసులో ఉన్న ముస్తాక్ అలీలో ప్రతిభ పసిగట్టి తీర్చిదిద్దిందీ ఆయనే. విదేశీ గడ్డపై భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ ఆ ముస్తాక్ అలీదే.

అలాగని అందరికీ నచ్చే మనిషేం కాదు. చాలా స్ట్రిక్ట్. దగ్గరికి రానివ్వరని పేరు. జట్టులో ఆయనంటే పడనివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే ఎవరినైనా ఏదైనా చేయమన్నారంటే అది ముందు తాను చేసి చూపించాకే. 50 ఏళ్ల వయసులో బరోడాపై రంజీ ఫైనల్లో 200 కొట్టారు. 56 ఏళ్లప్పుడు దత్తూ ఫడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీద నుంచి పక్కకి నెట్టి బ్యాటింగ్ కొనసాగించారని చెబుతారు. అలాంటి కెప్టెన్ ముందు వేలికి దెబ్బ తగిలిందని పెవిలియన్ వైపు చూసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఆంధ్రకీ ఆయనే

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగింది. కెప్టెన్ ఎవరనుకున్నారు? 58 ఏళ్ల సీకే నాయుడే! రంజీలు గెలిచిన మనిషి, పేరూ ఊరూ లేని కొత్త జట్టుకి దారి చూపించడానికి వచ్చారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌కి ఆడుతూ 61 ఏళ్ల వయసులో రాజస్థాన్‌పై 84 కొట్టారు.

1956లో కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. బీసీసీఐ లైఫ్‌టైమ్ అచీవ్‌మెంట్ అవార్డు ఆయన పేరుతోనే ఉంది. కుర్రాళ్ల జాతీయ టోర్నీకీ కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ అనే పేరు.

టాస్ గెలవడం, ఫీల్డింగ్ సెట్ చేయడం, బౌలర్లని మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. సొంతవాళ్లే వద్దన్నప్పుడు కూడా ముందు నిలబడటం, కుర్చీ లాగేసుకున్నాక కూడా అదే జట్టు కోసం దెబ్బలు తినడం.. ఇది నేర్పితే వచ్చేది కాదు. నాయుడి ఖాతాలో టెస్టు విజయం లేదు. ఆయన తర్వాత వచ్చిన కెప్టెన్లు గెలిచిన జట్టుకి పునాది మాత్రం ఆయనదే.