విమానశాస్త్రం నుంచి శ్రీహరికోట వరకు: ఆచార్య సతీష్ ధావన్ జీవితయానం

(సెప్టెంబరు 25 ఆచార్య సతీష్ ధావన్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గుంటూరు: శ్రీహరికోట నుంచి రాకెట్ నింగికెగసిన ప్రతిసారీ పత్రికలలో సతీష్ ధావన్ పేరు అచ్చవుతూనే ఉంటుంది. అంతరిక్ష కేంద్రం పేరుగా అది అందరికీ సుపరిచితమే. అయితే ఆ పేరు గల వ్యక్తి తొలుత రాకెట్ల నిపుణుడు కాదు. విమానం రెక్క మీదుగా గాలి ఏ విధంగా ప్రవహిస్తుంది, ఎక్కడ అదుపు తప్పుతుంది అన్న విషయంపైనే జీవితంలో అధిక భాగం వెచ్చించిన ఆచార్యుడు.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గణిత, భౌతికశాస్త్రాలలో బి.ఏ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., అటు పిమ్మట 1945లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో పట్టా పొందారు. సాహిత్యం చదివిన వ్యక్తి ఇంజనీరు కావడం నాడు అరుదు, నేడూ అరుదే. రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తున్న ఆ రోజులలో మన దేశంలో విమానమంటే యుద్ధ అవసరమే. ప్రకాశం ప్రాంతంలోని దొనకొండ వంటి మారుమూల చోట విమానాశ్రయం వెలసింది కూడా ఆ అవసరం కొరకే. విమానాలను మరమ్మతు చేయడమే గాని, రూపకల్పన చేయగల నిపుణులు దేశంలో వేళ్ల మీద లెక్కించదగినంత మంది మాత్రమే ఉండేవారు. ధావన్ బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో ఒక ఏడాది పనిచేసి, ఉన్నత విద్యకై అమెరికా వెళ్లారు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. పూర్తిచేసి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్య హాన్స్ లీప్‌మన్ శిష్యరికంలో 1951లో డాక్టరేట్ పొందారు. ఆయన ఎన్నుకున్న సమస్య వినడానికి చిన్నదే. విమానం ఉపరితలాన్ని రాసుకుంటూ పోయే గాలి దానిని ఎంత బలంతో వెనుకకు లాగుతుంది? ఈ ఘర్షణను అంతవరకు చాలావరకు పరోక్షంగా లెక్కగట్టేవారు. ధావన్ నునుపైన పలకలో ఒక చిన్న ముక్కను విడిగా, కదలడానికి వీలుగా అమర్చి, దానిపై పడే బలాన్ని నేరుగా కొలిచారు. ధ్వని వేగానికి లోపల, ధ్వని వేగాన్ని మించిన ప్రవాహాలలో కూడా ఈ కొలతలు తీయడం జరిగింది. అమెరికా విమానయాన సలహా సంఘం దీనిని తన నివేదికగా ప్రచురించింది.

ఈ పరిశోధనలలో కెమెరా పాత్ర విస్మరించరానిది. గాలి కంటికి కనిపించదు. కాని సాంద్రత మారిన చోట కాంతి వంగుతుంది. ఆ వంపును పట్టుకునే ష్లీరెన్ ఛాయాచిత్రణ పద్ధతిలో ధ్వనిని మించిన వేగం వద్ద పుట్టే అఘాత తరంగాలు ఫిలింపై నల్లని గీతలుగా దర్శనమిస్తాయి. లీప్‌మన్, రోష్కోలతో కలిసి ధావన్ ఈ తరంగాలు ఉపరితలానికి ఆనుకొని ఉండే పలుచని గాలి పొరను తాకి ఎలా పరావర్తనం చెందుతాయో అధ్యయనం చేశారు. కాగితంపై సమీకరణాలకే పరిమితమై ఉంటే ఈ విషయం ఇంత స్పష్టపడేది కాదు.

1951లో స్వదేశానికి తిరిగివచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. నాడు దేశంలో ధ్వనిని మించిన వేగాలపై ప్రయోగాలకు తగిన సౌకర్యాలు లేవు. ఒక అంగుళం వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు గల చిన్న సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌తో ఆయన పని ప్రారంభించారు. పరికరాలు దిగుమతి అయ్యేదాకా వేచి ఉండక, స్థానికంగా లభించిన సామగ్రితోనే విద్యార్థులచేత నిర్మింపజేయడం ఆయన పద్ధతి. 1955లో విమాన ఇంజనీరింగ్ శాఖాధిపతి అయ్యారు. జాతీయ విమాన ప్రయోగశాలలో 1960లలో రూపుదిద్దుకున్న 1.2 మీటర్ల పెద్ద టన్నెల్‌కు ఆయన మార్గదర్శకత్వమే ఆధారం. తరువాతి కాలంలో దేశీయ విమానాలు, రాకెట్ల నమూనాలను పరీక్షించింది అందులోనే.

అనంతపురం ప్రాంతపు రొద్దం గ్రామం పేరు ఇంటిపేరుగా గల రొద్దం నరసింహ భారతీయ విజ్ఞాన సంస్థలోనే ఆయన వద్ద శిక్షణ పొందారు. నిలకడగా సాగే ప్రవాహం అల్లకల్లోలంగా మారే దశపై గురుశిష్యులు 1958లో వెలువరించిన పత్రాన్ని పరిశోధకులు నేటికీ ఉదహరిస్తారు.

1962లో ధావన్ విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవి చేపట్టారు. ఆయనకు ముందు ఆ స్థానంలో ఉన్నవారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందిన సూరి భగవంతం కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విశేషం. సుమారు రెండు దశాబ్దాలు ధావన్ ఆ పదవిలో కొనసాగారు. మధ్యలో 1970 ప్రాంతంలో ఆవ్రో-748 విమానాల సామర్థ్యంపై పైలట్లు సందేహాలు లేవనెత్తినపుడు, ప్రభుత్వం సమీక్ష బాధ్యతను ఆయన అధ్యక్షతన గల సంఘానికి అప్పగించింది. ఉభయ పక్షాలూ విశ్వసించే నిపుణుడు దొరకడం అటువంటి వివాదాలలో అంత సులభం కాదు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించిన నాటికి ధావన్ అమెరికాలో ఉన్నారు. అంతరిక్ష కార్యక్రమ బాధ్యతలు స్వీకరించవలసిందిగా ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కోరగా, సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలని, విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా కూడా తాను కొనసాగాలని రెండు షరతులు పెట్టారు. రెండూ ఆమోదం పొందాయి. 1972లో అంతరిక్ష కమిషన్ అధ్యక్షులుగా బాధ్యతలు చేపట్టారు.

అప్పటి నెల్లూరు జిల్లాలో (నేటి తిరుపతి జిల్లా) సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న శ్రీహరికోట దీవిలో 1971 అక్టోబరులోనే చిన్న పరిశోధక రాకెట్ల ప్రయోగం మొదలైంది. ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టగల వాహనాన్ని అక్కడినుంచే ప్రయోగించడం ధావన్ ముందున్న లక్ష్యం. ఎస్.ఎల్.వి.-3 ప్రాజెక్టును ఆయన ఎ.పి.జె. అబ్దుల్ కలాంకు అప్పగించారు.

1979 ఆగస్టు 10న జరిగిన తొలి ప్రయోగం విఫలమైంది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడంతో సుమారు 17 టన్నుల వాహనం గతి తప్పి, 317 సెకన్లకు సముద్రం పాలైంది. నాడు శ్రీహరికోటలో ఎదురుచూస్తున్న విలేఖరుల ఎదుటకు కలాంను పంపక ధావన్ తానే వచ్చారు. వైఫల్యం సంస్థది, దానికి అధిపతిగా బాధ్యత తనది అని వివరించి, మరుసటి ప్రయత్నం ఫలిస్తుందన్న నమ్మకాన్ని వ్యక్తం చేశారు. 1980 జూలై 18న అదే చోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహం విజయవంతంగా కక్ష్యలో ప్రవేశించింది. ఈసారి విలేఖరుల సమావేశాన్ని నిర్వహించవలసిందిగా కలాంకు సూచించి, ఆయన పక్కకు తప్పుకున్నారు. దీనిని కలాం తదనంతరం అనేక వేదికలపై ప్రస్తావించారు. ప్రభుత్వ శాఖలలో విలేఖరుల సమావేశాలు ఏర్పాటుచేసే వారికి ఈ రెండు తేదీల మధ్యనున్న తేడాను వేరుగా వివరించనక్కరలేదు.

ధావన్ హయాంలో రూపుదిద్దుకున్న ఉపగ్రహాల ప్రయోజనం గుంటూరు, ప్రకాశం జిల్లాలకు నేరుగా సంబంధించినది. 1977 నవంబరు 19న చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటిన తుపాను, దానితో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొన్నాయి. హెచ్చరికలు వెలువడినా మారుమూల గ్రామాలకు సకాలంలో చేరలేదు. 1983 ఆగస్టు 30న ప్రయోగించిన ఇన్సాట్-1బి ఒకవైపు మేఘాల ఛాయాచిత్రాలు పంపుతూ, మరొకవైపు తీరగ్రామాలలో నెలకొల్పిన పరికరాలకు తుపాను హెచ్చరికను నేరుగా వినిపించే ఏర్పాటు కల్పించింది. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రత గల తుపాను కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటినపుడు ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగానే తరలించడం సాధ్యపడింది. మృతుల సంఖ్య వేయికి లోపే ఉంది. ఇందులో రెవెన్యూ, పోలీసు సిబ్బంది కృషి తక్కువేమీ కాదు. అయితే తరలించడానికి వ్యవధి చిక్కింది ముందస్తు సమాచారం వల్లనే.

ఇదే కోవలో, 1988 మార్చి 17న కక్ష్యలోకి చేరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ప్రణాళిక కూడా ధావన్ కాలం నాటిదే. నేల, నీరు, పంటల విస్తీర్ణం ఆకాశం నుంచి అంచనా వేసే పని దీనితో స్వదేశీ ఉపగ్రహానికి సంక్రమించింది. అంతవరకు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థకు విదేశీ ఉపగ్రహాల చిత్రాలు, బేగంపేట నుంచి ఎగిరే సర్వే విమానాలు తీసిన ఛాయాచిత్రాలే ఆధారం.

1984లో పదవీ విరమణ అనంతరం ధావన్ తన పాత మక్కువకే తిరిగివచ్చారు. ఈసారి యంత్రాలు కాదు, పక్షులు. శ్రీహరికోటకు వెళ్లివచ్చే దారిలోనే ఉన్న పులికాట్ సరస్సుపై పక్షుల గమనాన్ని ఆయన శ్రద్ధగా పరిశీలించేవారు. గూడబాతులు రెక్కలాడించకుండా వేడిగాలి ఊతంతో పైకి ఎగబాకడం, గుంపుగా సాగేటపుడు వరుస కట్టడం, బరువుకు రెక్కల వైశాల్యానికి గల నిష్పత్తి వంటి విషయాలను విమానశాస్త్ర దృష్టితో వివరిస్తూ రచించిన పక్షి గమన గ్రంథం 1991లో వెలువడింది. గుంటూరు సమీపాన ఉప్పలపాడు చెరువులకు చేరే గూడబాతులనూ, ఎర్రకాళ్ల కొంగలనూ చూసే సందర్శకులు ఈ గ్రంథాన్ని తిరగవేస్తే వాటి దిగుడు, ఎగురుడు మరోలా కనిపించక మానవు.

పద్మభూషణ్ 1971లోను, పద్మవిభూషణ్ 1981లోను ఆయనను వరించాయి. 2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రంగా నామకరణం చేయడం జరిగింది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో అద్దంకి సమీపాన కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై, తుపాను సహాయక చర్యలకు సైతం ఉపకరించేలా నిర్మించిన అత్యవసర రన్‌వేపై 2024 మార్చి 18న వైమానికదళ ఏ.ఎన్.-32, డోర్నియర్ విమానాలు దిగి, తిరిగి ఎగిరాయి. అందులో డోర్నియర్ తయారీదారు, ధావన్ తొలి ఉద్యోగం చేసిన హిందుస్థాన్ సంస్థే.