ప్రాణరక్షక ఔషధాల అన్వేషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర, పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. ఈ మూడింటి వెనుకా ఉన్నది ఒకే పరిశోధనాలయం. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించిన శాస్త్రవేత్త తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. కుటుంబానిది పేదరికం. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బాల్యంలోనే ఇల్లు విడిచిన కుమారుణ్ణి తల్లి వెదకి వెనక్కు తెచ్చి బడికి పంపారు. తండ్రి మరణించిన తరువాత కూడా ఆయన చదువు సాగిందంటే అది ఆమె పట్టుదల వల్లనే.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్న రోజుల్లో గాంధీజీ పిలుపునందుకుని ఆయన శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య సేవలో ప్రవేశం లభించక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో స్వల్ప వ్యవధిలోనే మరణించడం ఆయనను కలచివేసింది. ఆనాడు ఆ వ్యాధికి సరైన మందు లేదు.

మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసిస్తూ, పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు.

అనంతరం సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధనలు చేపట్టారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచేందుకు 1925లో వారిద్దరూ రూపొందించిన పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పాఠ్యగ్రంథాలకెక్కింది. కండరాలకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. ఇంతటి కృషి జరిగినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు.

1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయంలో చేరడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదే మందుగా పనిచేయడం విశేషం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ ద్వీపాల్లోని అమెరికన్ సైనికులకు బోదకాలు సోకడంతో మొదలైన అన్వేషణ 1947లో హెట్రజాన్, అంటే డి.ఇ.సి., వెలువడేందుకు దారితీసింది. బెంజమిన్ దుగ్గర్ కనుగొన్న తొలి టెట్రాసైక్లిన్ అరియోమైసిన్ కూడా ఈ పరిశోధనాలయం నుంచే వచ్చి 1948లో ప్రకటితమైంది.

వీటన్నింటికంటె సాహసోపేతమైనది క్యాన్సర్‌పై పోరు. ఫోలిక్ ఆమ్లం చర్యను అడ్డుకుంటే వ్యాధి కణాల పెరుగుదల ఆగుతుందన్న ఆలోచనతో బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లెడర్లీ పంపిన అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రచురించారు. నెలల తేడాతో వ్యాధి తిరగబెట్టిన మాట నిజమే. అయినా మందుతో ఈ వ్యాధిని తగ్గించవచ్చని తొలిసారిగా రుజువైంది. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఆ ఫలితాలు వెలువడిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53 ఏళ్ల వయసులో గుండెపోటుతో న్యూయార్క్‌లో మరణించారు. అమెరికా వెళ్లిన తరువాత ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు, తనకోసం ఎదురుచూసిన భార్యను కలుసుకోలేదు. సహోద్యోగుల పేర్లను ముందుంచి తాను వెనుక నిలిచే స్వభావం వల్ల ఆయన పేరు జనంలోకి అంతగా రాలేదు.

శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. దేశంలోని బోదకాలు పీడిత జిల్లాల్లో 2004లో ప్రారంభమైన సామూహిక ఔషధ పంపిణీ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది ప్రజలచేత మింగించినది డి.ఇ.సి. మాత్రనే.