ఈ రోజు మన్యంలో

సెలవుల్లో మా పెదబయలు కుర్రాళ్ళ గ్రూపు కోసం చిన్న బాట్ రాశాను. రోజూ పొద్దున్నే, ఇదే తేదీన మన కొండల్లో ఏం జరిగిందో ఒక లైను పంపాలి. మా జిల్లాకి 2022లో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు కదా, ఆయనతోనే మొదలుపెట్టా. ఇంగ్లీషు మీడియం వాణ్ణి, అప్పటిదాకా నాకు ఆయనంటే జూలై 4న విగ్రహానికి వేసే దండ, టీవీలో కృష్ణ సినిమా, అంతే.

మొదట నిండింది జూలై 4 గడే. 1897, పాండ్రంగి. నాన్న వెంకట రామరాజు ఫొటోగ్రాఫరు, పిల్లాడికి పదకొండేళ్ళప్పుడే పోయారు. చదువు సాగలేదు. ఉత్తరాది తీర్థాలన్నీ తిరిగి కృష్ణదేవిపేట చేరాడు. సన్యాసిలా ఉంటూ జనానికి మందులిచ్చేవాడు, తగవులు తీర్చేవాడు.

కొండల్లో అప్పటికే సెగ ఉంది. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైపోయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములు కడుపు మండి ఉన్నారు. నాకు అనిపించేది, కోపాన్ని రాజు తేలేదు. ఉన్న కోపానికి ప్లాను ఇచ్చాడు.

1922 ఆగస్టు నాకు చాలా ఇష్టమైన నెల. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. రోజుకో పోలీస్ స్టేషను! (కోడ్ వేసి చూశా: మంగళ, బుధ, గురువారాలు.) మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టాడు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరని విడిపించారు.

సెప్టెంబర్ 24, దామనపల్లి ఘాటు. ముందు నడుస్తున్న మన కానిస్టేబుళ్ళని పోనిచ్చి, వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల ఆఫీసర్లని కాల్చారు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెంలో మాత్రం గట్టి దెబ్బ తిన్నారు. తర్వాత కొన్ని నెలలు ఖాళీ గడులే. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో కనిపించాడు, ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. 1924లో అస్సాం రైఫిల్స్ దిగాయి, రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనర్‌గా వచ్చాడు. మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండా చెట్టుకి కట్టి కాల్చేశారు. ఇంకా 27 నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

గంటం దొర కూడా ఆ తర్వాత కొద్ది రోజులకే పోలీసుల చేతిలో పోయాడు. మల్లు దొర జైలు తిని బతికి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఈ లైను పంపినప్పుడు గ్రూపులో ఎవరూ నమ్మలేదు, నేనూ రెండుసార్లు చెక్ చేశా.

చూసుకుంటే నా డేటాలో తేదీలన్నీ స్టేషన్ పుస్తకాల్లోంచి, దొరల కాగితాల్లోంచి వచ్చినవే. ఆ రోడ్డు మోసినవాళ్ళు ఏ రోజు పనికెళ్ళారో, ఏ రోజు పోయారో ఎక్కడా లేదు. మా నాన్నమ్మని అడిగా, వాళ్ళ నాన్న ఎప్పుడు పుట్టాడని. మామిడికాయల కాలంలో అంది. ఆవిడ ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. మా వీధిలో పెద్దవాళ్ళు చాలామందికి అదే.

జనవరి 1కి బాట్ ఏం పంపాలో ఇంకా రాయలేదు.