నీళ్లు వదిలే చోటు మార్చాడు.. పడవ పరుగెత్తింది!

సత్యవేడు నుంచి శ్రీసిటీ దాటి తడ వైపు వెళ్తే పులికాట్ సరస్సు వస్తుంది. చూడటానికి సముద్రంలా ఉంటుంది కానీ, చాలాచోట్ల దిగి నడిచేంత లోతే. ఇలాంటి నీళ్లలో ఇంజిను పడవకు పెద్ద చిక్కే. అడుగున తిరిగే ఫ్యాను బురదలో దిగబడుతుంది, నాచు చుట్టుకుంటుంది, రాయి తగిలితే రెక్క విరుగుతుంది. సుమారు డెబ్బై ఏళ్ల కిందట న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచే ఒకాయన ఇదే చిక్కు మీద కూర్చున్నాడు. ఇంజినీరింగ్ కాలేజీ మెట్లెక్కలేదు. అయినా ఆయన షెడ్డులో తయారైన పడవే ఈ రోజు ప్రపంచమంతా తిరుగుతోంది. ఆయనే జెట్ బోట్ పితామహుడు బిల్ హామిల్టన్.

చదువు ఆగింది.. పని ఆగలేదు

హామిల్టన్ 1899లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అన్న చనిపోవడంతో చదువు మధ్యలో వదిలేసి, ఇంటి పశువుల క్షేత్రం చూసుకోవాల్సి వచ్చింది. 1921లో మెకంజీ ప్రాంతంలో ‘ఐరిష్‌మన్ క్రీక్’ అనే గొర్రెల క్షేత్రం కొన్నాడు. ఊళ్లకు దూరంగా ఉండే ఆ చోట ఏది చెడిపోయినా బాగుచేసేవాళ్లు దొరకరు. దాంతో సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకున్నాడు.

కరెంటు కావాలి. దానికి చిన్న ఆనకట్ట కట్టాలి. మట్టి తవ్వడానికి యంత్రం లేదు. ఆ యంత్రాన్నీ తనే తయారు చేసుకున్నాడు! అదే తర్వాత వ్యాపారమైంది. మరోవైపు కార్ల పందేలంటే పిచ్చి. 1930లో ఇంగ్లండ్ వెళ్లి బ్రూక్లాండ్స్ ట్రాక్ మీద బెంట్లీ కారుతో పందేలు గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన కంపెనీ క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్యాక్టరీ పెట్టే స్థాయికి చేరింది.

ఒక్క కోరిక మాత్రం మిగిలిపోయింది. అక్కడి నదులు వేగంగా పారతాయి, గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా విడిపోతాయి. కొన్నిచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. ఆ నదుల్లో ఎదురు ప్రవాహంలో పైకి వెళ్లాలని చిన్నప్పటి నుంచీ ఆయన కల. యాభై ఏళ్లు దాటాక గానీ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

పనివాడి సలహా

బోరు మోటారు వేయగానే ప్లాస్టిక్ పైపు మూతి వెనక్కి తన్నడం మీరు చూసే ఉంటారు. నీరు ముందుకు దూకితే పైపు వెనక్కి పోతుంది. న్యూటన్ మూడో సూత్రం అంటే అదే. పడవలో పంపు పెట్టి నీళ్లను వెనక్కి చిమ్మితే పడవ ముందుకు పోతుంది, ఫ్యానుతో పనే లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో ‘హాన్లీ హైడ్రోజెట్’ అనే పరికరం అప్పటికే ఉంది. అది నీళ్లను పడవ కింద నుంచి వదిలేది. 1950ల మొదట్లో హామిల్టన్ ఆ పద్ధతిని 12 అడుగుల ప్లైవుడ్ పడవలో ప్రయత్నించాడు. మార్పులు చేసినా పడవ అనుకున్నట్టు కదల్లేదు. నీటిలోకి పొడుచుకొచ్చిన మూతి పడవనే వెనక్కి లాగుతోంది, పైగా రాళ్లకు తగిలే భయం.

అప్పుడు ఆయన దగ్గర పనిచేసే ఒకతను, మూతిని నీటిమట్టానికి కాస్త పైకి, పడవ వెనక గోడకు మార్చి చూద్దామన్నాడు. హామిల్టన్ సరేనన్నాడు. అంతే, పడవ దూసుకుపోయింది! అడుగున పొడుచుకొచ్చేది ఏమీ లేదు. వేగం అందుకుని నీటిపైకి తేలాక జానెడు లోతు కూడా అక్కర్లేదు. యజమాని పనివాడి మాట కొట్టిపారేసి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. హామిల్టన్ కూడా వాటర్‌జెట్‌ను తానే కనిపెట్టానని ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ గొప్పదనం ఆర్కిమెడిస్‌దని ఒప్పుకునేవాడు.

మామూలు పడవకు జెట్ పెట్టాలంటే..

ఈ రోజు అమెరికా, కెనడా, న్యూజిలాండ్‌లలో చాలామంది చిన్న అల్యూమినియం చేపల పడవకు పాత జెట్ స్కీ ఇంజిను, పంపు బిగించి జెట్ బోట్‌గా మార్చుకుంటున్నారు. పని వినడానికి తేలిక, చేయడానికి కాదు.

పడవ అడుగున, వెనక భాగంలో రంధ్రం కోసి నీళ్లు లాగే తూమును వెల్డింగ్ చేయాలి. దానికి జాలీ ఉండాలి, లేకపోతే రాళ్లు లోపలికెళ్లి పంపు రెక్కలను తినేస్తాయి. తూముకు ముందున్న అడుగు భాగం నున్నగా ఉండాలి. అక్కడ రివిట్లు, బద్దీలు ఉంటే నీటితోపాటు గాలి దూరుతుంది, పంపు పట్టు తప్పుతుంది. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర శుభ్రం చేయకుండా టిగ్ వెల్డింగ్ చేస్తే అతుకు నిలవదు. ఆ అతుకు నీటి మధ్యలో విడితే పోయేది ప్రాణాలే. ఉప్పునీళ్లలో స్టీలు, అల్యూమినియం తగిలి ఉంటే అల్యూమినియం తొందరగా తినేస్తుంది, రక్షణగా జింక్ ముక్కలు బిగించాలి.

నడపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. జెట్ బోటు తిరిగేది చిమ్మే నీటి దిశను బట్టి. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే పడవ తిరగదు! నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఫ్యాను పడవ కంటే ఆయిల్ కూడా ఎక్కువే తాగుతుంది. కాబట్టి లోతు నీళ్లలో బరువు లాగాలంటే ఫ్యానే మేలు.

గంగలో ఎదురీత

1960లో హామిల్టన్ జెట్ బోట్లు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది మీద ఎదురు ప్రవాహంలో పైకి వెళ్లాయి. వాటిని నడిపినవారిలో హామిల్టన్ కొడుకు జాన్ ఉన్నాడు. 1974లో హామిల్టన్‌కు ‘సర్’ బిరుదు వచ్చింది. 1977లో ఎవరెస్ట్ వీరుడు ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో బంగాళాఖాతం ఒడ్డున గంగాసాగర్ దగ్గర బయల్దేరి, నందప్రయాగ దాకా గంగలో ఎదురెక్కాడు. అక్కడ ఒక జలపాతం అడ్డుపడింది. ఆ యాత్రలోనూ జాన్ ఉన్నాడు. మరుసటి ఏడాదే, 1978లో, బిల్ హామిల్టన్ కన్నుమూశాడు.

మన దగ్గర దారులు

వరదల్లో మనుషుల్ని కాపాడే పడవలకు జెట్ మేలు, నీళ్లలో ఉన్నవాళ్లకు ఫ్యాను తగిలే ప్రమాదం ఉండదు. మన నౌకాదళం, తీర రక్షక దళాల వేగ గస్తీ నౌకల్లోనూ వాటర్‌జెట్లు ఉన్నాయి. ఈ రంగంలోకి రావాలంటే సత్యవేడు కుర్రాళ్లకు దారులు దగ్గరే. పదో తరగతి అయ్యాక చెన్నై, విశాఖల్లోని సిఫ్‌నెట్ కేంద్రాల్లో మెరైన్ ఫిట్టర్ కోర్సు చేయొచ్చు. ఇంటర్‌లో ఎంపీసీ చదివితే ఐఐటీ మద్రాస్‌లో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నేవల్ ఆర్కిటెక్చర్ ఉంది. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, టిగ్‌లో చెయ్యి తిరిగితే శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనూ పని దొరుకుతుంది.

ఒక్క మాట. పులికాట్‌లో చాలా భాగం పక్షుల అభయారణ్యం. అక్కడికి వెళ్లి ప్రయోగాలు చేయొద్దు. మీ ఇంటి దగ్గర మొరాయించే మోటారో, నీళ్లు సరిగా లాగని పంపో ఉంటే ముందు దాన్ని విప్పి చూడండి. హామిల్టన్ కూడా ఇంటి అవసరాలతోనే మొదలుపెట్టాడు.