జె.ఆర్.డి. టాటా: ఉత్తరాల సంచీతో మొదలైన విమానయానం

మన నాదెండ్ల పూర్వ విద్యార్థుల్లో ఈనాడు గన్నవరమో శంషాబాదో వెళ్ళి విమానం ఎక్కనివాళ్ళు తక్కువ. బస్సెక్కినంత మామూలుగా ఎక్కుతున్నాం. ఈ స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయాలనుకోగానే, ఇంజనీరుగా నాకు మొదట తోచిన పేరు జె.ఆర్.డి. టాటా. మనదేశంలో విమాన ప్రయాణానికి పునాది వేసినవాడు ఆయన. ఒక సంస్థను కట్టడం ఒక ఎత్తు అయితే, అది తన చేతిలోంచి పోయాక కూడా కన్నబిడ్డలా చూసుకోవడం మరో ఎత్తు. ఆయన రెండూ చేశారు.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. ఫ్రాన్స్‌లో సముద్రతీరాన వాళ్ళ వేసవి విడిదికి దగ్గర్లోనే, ఇంగ్లిష్ ఛానల్‌ను విమానంలో మొదటిసారి దాటిన బ్లేరియో ఇల్లు ఉండేది. ఇసుకతిన్నెల మీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన పిల్లవాడికి పైలట్ కావాలన్న కోరిక అక్కడే పుట్టింది. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదవాలని ఆశపడ్డారు గానీ, తండ్రి పిలుపుతో 1925లో బొంబాయి వచ్చి టాటా కంపెనీలో జీతం లేని అప్రెంటిస్‌గా చేరారు. పట్టా లేదన్న లోటు ఆయనకు జీవితాంతం ఉంది. ఆ లోటును చదువుతోనే పూడ్చుకున్నారు.

1929 ఫిబ్రవరిలో మనదేశంలో పైలట్ లైసెన్సు పొందిన మొదటి వ్యక్తి ఆయనే. లైసెన్సు నంబరు 1. మరుసటి ఏడాది ఆగాఖాన్ బహుమతి కోసం ఇండియా, ఇంగ్లండుల మధ్య ఒంటరిగా విమానం నడిపే పోటీలో దిగారు. దారిలో ఈజిప్టులో, ఎదురుదిక్కు నుంచి వస్తున్న ప్రత్యర్థి ఆస్పీ ఇంజనీర్ స్పార్క్ ప్లగ్గులు లేక చిక్కుకుపోయి కనిపించాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న ప్లగ్గులు ఇచ్చి సాయం చేశారు. కొద్ది గంటల తేడాతో బహుమతి ఆస్పీకే దక్కింది. ఆ కుర్రవాడే తర్వాత మన వైమానిక దళాధిపతి అయ్యాడు.

ఇక అసలు కథ. నెవిల్ విన్సెంట్ అనే మాజీ బ్రిటిష్ వైమానిక దళ అధికారి ఒక ఆలోచనతో వచ్చాడు. లండన్ నుంచి విమానంలో వచ్చే ఉత్తరాలు కరాచీ దాకా వచ్చి, అక్కడి నుంచి రైలెక్కుతున్నాయి. వాటిని కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు విమానంలోనే చేరవేస్తే? ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది. మోసిన ఉత్తరాల బరువును బట్టి మాత్రం డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. పెద్దాయన దొరాబ్జీ టాటా అయిష్టంగానే 2 లక్షల రూపాయల పెట్టుబడికి సరేనన్నారు. రెండు చిన్న పుస్‌మాత్ విమానాలు, వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది సిబ్బంది, అంతే.

1932 అక్టోబరు 15 ఉదయం జె.ఆర్.డి. ఉత్తరాల సంచీతో కరాచీలో బయలుదేరి, అహ్మదాబాద్‌లో ఎద్దులబండి మీద డబ్బాల్లో తెచ్చిన పెట్రోలు పోయించుకుని, మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కడ విన్సెంట్ సంచీలు అందుకుని బళ్ళారి మీదుగా మర్నాటికి మద్రాసు చేర్చాడు. మన గుంటూరు జిల్లా, బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే. అంటే తెలుగువాళ్ళున్న నేల మీద దిగుతూనే ఆ తొలి విమానం సాగిందన్నమాట. రేడియో లేదు, దారి చూపే దీపాలు లేవు. వానాకాలంలో జుహూ మైదానం మునిగిపోతే మకాం పూనాకు మారేది. అయినా ఉత్తరాలు వేళకు చేరాయి.

ఇందులోని కిటుకు ఇంజనీర్లకే కాదు, మన మిరప రైతులకూ తేలిగ్గా అర్థమవుతుంది. ధర రాని మిరపకాయను కోల్డ్ స్టోరేజీలో దాచుకోవచ్చు. ఖాళీగా ఎగిరిన సీటును మర్నాడు అమ్ముకోలేం. విమానం నేల మీద నిలబడ్డా, ఆకాశంలో ఉన్నా పైలట్ జీతం, మరమ్మతుల ఖర్చు, అప్పుమీద వడ్డీ తప్పవు. ప్రయాణికులు అరుదైన ఆ రోజుల్లో నమ్మకమైన రాబడి ఉత్తరాలదే. అవి వేళకు చేరితేనే కాంట్రాక్టు నిలుస్తుంది. కాబట్టి వేళ తప్పకపోవడం వాళ్ళకు గొప్పకోసం కాదు, బతకడంకోసం.

ఆ చిన్న సంస్థ 1946లో ఎయిర్ ఇండియా అయింది. అంతకు ముందే, 1945లో, నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి హైదరాబాద్ బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. మనదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆ సంస్థే. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరింది.

అయితే యుద్ధం ముగిశాక మిగిలిన డకోటా విమానాలు చవగ్గా దొరకడంతో కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. లైసెన్సులు ఎక్కువ, ప్రయాణికులు తక్కువ. ఒక్కొక్కటే దివాలా తీయసాగాయి. 1953లో ప్రభుత్వం అన్నిటినీ జాతీయం చేసింది. దేశంలోపల తిరిగే డెక్కన్ ఎయిర్‌వేస్ వంటివి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. విదేశాలకు ఎగిరేది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌గా మిగిలింది.

జె.ఆర్.డి. ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తమను సరిగా సంప్రదించలేదని బాధపడ్డారు. ఆయన అలిగి తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ప్రభుత్వం అధ్యక్షుడిగా ఉండమని కోరినప్పుడు ఒప్పుకున్నారు. తనది కాని సంస్థను పాతికేళ్ళు నడిపారు. ప్రయాణికుడిగా ఎక్కినప్పుడల్లా టీ రంగు, తెరల మురికి, సీటు వాలు, కౌంటరు మీది దుమ్ము గమనించి, దిగగానే అధికారులకు చీటీలు రాసేవారు. 1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానాలను తెచ్చింది.

1978 జనవరి 1న 'ఎంపరర్ అశోక' విమానం బొంబాయి తీరంలో కూలి 213 మంది చనిపోయారు. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం ఆయన్ను పదవి నుంచి తొలగించింది. ఆ మాట ముందుగా ఆయనకు సూటిగా చెప్పినవారు కూడా లేరు. 1980లో బోర్డు సభ్యుడిగా తిరిగి రమ్మంటే మళ్ళీ వెళ్ళారు. మొదటి ప్రయాణానికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1982లో, 78 ఏళ్ళ వయసులో పాతకాలపు చిన్న విమానాన్ని కరాచీ నుంచి బొంబాయికి తానే నడుపుకుంటూ వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. దాన్ని చూడ్డానికి ఆయన లేరు.

ఈ జీవితాన్ని మన సంచికలో చెప్పడానికి కారణం ఉంది. మనం చదివిన బడి మన సొంతం కాదు. అక్కడ మనకు పదవి లేదు, అధికారం లేదు. ఒకోసారి మన సలహాను వినేవాళ్ళు కూడా ఉండరు. అయినా ఊరికి వెళ్ళినప్పుడు ఒకసారి లోపలికి అడుగుపెట్టి కుళాయి కారుతోందా, లాబ్‌లో పరికరాలు పనిచేస్తున్నాయా, లైబ్రరీ తలుపు తెరుస్తున్నారా అని చూసి, మర్యాదగా ఒక చీటీ రాసి, మన చేతనైంది చేసి రావచ్చు. మన సంఘం యాభై ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే. ఇకముందు మనలో మరింతమంది చేయాలని నా కోరిక.