53 రోజులు ఆగిన ప్రాణం

మీరు బయోటెక్, ఫుడ్ టెక్నాలజీ లాంటివి చదువుతున్నారా? అయితే ఈ డాక్టరు గురించి మీకు తెలియాలి. పేరు సుభాష్ ముఖోపాధ్యాయ్. 1931లో హజారీబాగ్‌లో పుట్టారు. కోల్‌కతాలో ఎంబీబీఎస్, అక్కడే ఒక పీహెచ్‌డీ. అది చాలదన్నట్టు 1967లో ఎడిన్‌బరోలో హార్మోన్ల మీద రెండోది. అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చి, కోల్‌కతా ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫిజియాలజీ పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేశారు.

టీమ్ ముగ్గురే. ఈయన, గైనకాలజిస్టు సరోజ్ కాంతి భట్టాచార్య, జాదవ్‌పూర్ యూనివర్సిటీ ఫుడ్ టెక్నాలజీ ప్రొఫెసర్ సునీత్ ముఖర్జీ. అవును, ఫుడ్ టెక్నాలజీయే! అతి చల్లదనంలో కణాలు చెడకుండా దాచడం ముఖర్జీకి తెలిసిన విద్య.

వీళ్ల దగ్గరికి వచ్చిన ఒకావిడకు ఫాలోపియన్ నాళాలు మూసుకుపోయాయి. హార్మోన్ ఇంజెక్షన్లిచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు తయారయ్యేలా చేశారు. చిక్కేంటంటే, ఆ మందులు పడిన నెలలో గర్భాశయం పిండాన్ని నిలుపుకోవడానికి అంత అనువుగా ఉండదు. మనం ఆగొచ్చు, పిండం ఆగదు కదా. దాన్నీ ఆపేశారు. మామూలుగా గడ్డకడితే లోపలి నీరు మంచు పలుకులై కణాన్ని చీల్చేస్తుంది. అందుకే డీఎంఎస్‌ఓ అనే రసాయనం వాడి, నెమ్మదిగా చల్లబరిచి, 53 రోజులు దాచారు. 1978 అక్టోబర్ 3న పాప పుట్టింది. లోకానికి దుర్గగా తెలిసింది. ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టి అప్పటికి రెండు నెలలు దాటిందంతే. పైగా అక్కడ ఫ్రీజింగ్ లేదు.

ఆ ఫ్రీజింగ్ విలువ ఈరోజు టర్నర్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయిల్ని చూస్తే అర్థమవుతుంది. రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడమో, అసంపూర్తిగా ఉండటమో దీనికి కారణం. వీళ్లలో అండాల నిల్వ పుట్టకముందు నుంచే వేగంగా కరిగిపోతుంటుంది. కొందరికి టీనేజీలో ఇంకా కాసిని మిగిలి ఉంటాయి. ఏఎంహెచ్ రక్తపరీక్షతో ఎన్ని ఉన్నాయో ఒక అంచనా వస్తుంది. ఉంటే, పెళ్లి మాట రాకముందే అండాల్నో, అండాశయపు ముక్కనో దాచుకోమని డాక్టర్లు చెబుతున్నారు. సుభాష్ దాచింది పిండాన్ని, వీళ్లు దాచుకునేది అండాన్ని. కానీ కావాల్సింది ఒకటే, సమయం.

ఆయనకు మాత్రం ఎవరూ సమయమివ్వలేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు రేడియో ఫిజిక్స్ మనిషి! మీ ప్రాజెక్ట్ వైవాకి సంబంధం లేని బ్రాంచి ఎగ్జామినర్ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కమిటీ నమ్మలేదు. జపాన్ నుంచి ఆహ్వానం వస్తే వెళ్లడానికి అనుమతి దొరకలేదు. బాంకురాకు బదిలీ, తర్వాత గుండెపోటు, చివరికి కంటి వైద్య సంస్థలో పోస్టింగ్. హార్మోన్లు చదివిన మనిషికి కళ్ల విభాగం! 1981 జూన్ 19న తన ప్రాణం తానే తీసుకున్నారు. 50 ఏళ్లు.

గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని ప్రపంచం ఒప్పుకున్నది 1984లో, ఆస్ట్రేలియాలో. మన దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనత 1986లో ముంబైలో పుట్టిన పాపకు, శాస్త్రవేత్త టీసీ ఆనంద్ కుమార్ బృందానికి దక్కింది. 1997లో అదే ఆనంద్ కుమార్ సుభాష్ రాసిపెట్టుకున్న కాగితాలు చదివారు. చదివి, మొదటివాడు ఆయనే అని బహిరంగంగా చెప్పి, తన పేరు మీదున్న రికార్డును తానే వదులుకున్నారు. దుర్గ అప్పటికి మీ వయసుకు వచ్చేసింది.